పటం, పత్రిక, పలుకు: కుటుంబ చరిత్ర రచనలో ఆధార విమర్శ

వ్యాససంగ్రహం

పాత ఛాయాచిత్రాలనూ స్థానిక పత్రికలనూ జతచేసి కుటుంబ చరిత్రను పునర్నిర్మించే పద్ధతి జీవితచరిత్ర పరిశోధనలో చోటు సంపాదించుకొంటున్నది. ఛాయాచిత్రం ముఖాన్ని చూపుతుందని, పత్రిక పేరునూ తేదీనీ ఇస్తుందని, ఒకదాని కొరతను మరొకటి తీరుస్తుందని ఈ పద్ధతి విశ్వసిస్తుంది. ఆ విశ్వాసం కొంతవరకే నిలుస్తుంది. స్త్రీలు, దళితులు, వలసకూలీల విషయంలో రెండు ఆధారాల మౌనాలూ ఒకే చోట కలుస్తాయి. అక్కడ మూడవ ఆధారంగా మౌఖిక కథనాన్ని, దానినుంచి పుట్టిన సాహిత్యాన్ని స్వీకరించాలని, అయితే మిగిలిన రెండింటికి వర్తించే విమర్శనే దానికీ వర్తింపజేయాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగువారి పటంకథా సంప్రదాయంలో ఈ పద్ధతికి తగిన నమూనా ఉంది.

కీలక పదాలు: కుటుంబ చరిత్ర, ఛాయాచిత్రం, స్థానిక పత్రికలు, పటంకథ, స్వీయచరిత్ర, ఆధార విమర్శ

1. ఉపోద్ఘాతం

తెలుగు దేశంలో వంశచరిత్రలకు కొరత లేదు. శాసనాల్లోని ప్రశస్తులు, కావ్యాల అవతారికల్లోని కృతిపతి వంశవర్ణనలు, కాలిన్ మెకంజీ కోసం గ్రామాల్లో కరణాలనుంచి సేకరించిన కైఫీయతులు, పిచ్చుకుంట్లవారు పాడే గోత్రాలు ఈ కోవలోనివే. వీటిలో అధికభాగం వంశాన్ని కీర్తించడానికో, హక్కును నిరూపించడానికో పుట్టినవి. సామాన్య కుటుంబం తన గతాన్ని తానే వెతుక్కోవడం ఆధునిక కాలపు పని. అచ్చుయంత్రమూ కెమేరా వచ్చిన తరువాతనే అది విస్తృతంగా సాధ్యమైంది.

తెలుగు సాహిత్య పరిశోధనకు పాత పత్రికల విలువ కొత్తగా చెప్పనక్కరలేదు. నెల్లూరు 'జమీన్ రైతు'తో అనుబంధం ఉన్న బంగోరె 1969లో 'మొట్టమొదటి కన్యాశుల్కం' ప్రకటించి, మరుగున పడిన 1897 నాటి పాఠాన్ని మళ్ళీ చర్చలోకి తెచ్చారు. పాత కాగితాన్ని వెతికి, సరిపోల్చి, నిర్ధారించే ఆ శ్రద్ధ రచయితల జీవితాలకూ, వారి కుటుంబాలకూ విస్తరించడం సహజమే. అయితే గ్రంథపాఠాన్ని నిర్ధారించడానికీ కుటుంబ గతాన్ని నిర్ధారించడానికీ తేడా ఉంది. కుటుంబం తన గతంలో కొంత దాచుకొంటుంది, కొంత మరచిపోతుంది, కొంత దిద్దుకొంటుంది. అందువల్ల ఆధారం దొరికిందా అన్న ప్రశ్నతోపాటు, ఆ ఆధారం ఎవరికోసం పుట్టింది, అందులో ఎవరు లేరు అన్న ప్రశ్నలు కూడా అడగవలసి వస్తుంది.

2. పటం: ఒక మాట, ఒక నమూనా

ఇంట్లో పెద్దలు పోయిన తరువాత వారి ఛాయాచిత్రానికి చట్రం బిగించి గోడకు తగిలించడాన్ని తెలుగులో 'పటం కట్టించడం' అంటారు. తెలంగాణలో కులపురాణాలను చెప్పేవారు విప్పి చూపే గుడ్డపై బొమ్మల చుట్టనూ పటమనే అంటారు. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివారు, పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు పటం చూపుతూ కథ నడుపుతారు. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటాలు ఈ సంప్రదాయానికి ప్రసిద్ధి తెచ్చాయి. ఒకే మాట ఈ రెండింటికీ చెల్లడం యాదృచ్ఛికమే కావచ్చు. కాని అది పరిశోధకునికి పనికివచ్చే సామ్యాన్ని చూపుతుంది.

పటంకథలో బొమ్మ ఒంటరిగా కథ చెప్పదు. కథకుడు కర్రతో బొమ్మను చూపి, అందులోనివారు ఎవరో, ఎవరికి ఏమవుతారో పలికినప్పుడే అది అర్థవంతమవుతుంది. ఇంటి గోడమీది పటానికీ ఇదే వర్తిస్తుంది. "ఈయన మీ ముత్తాత, పక్కనున్నది ఆయన రెండో భార్య" అని చెప్పే అమ్మమ్మ ఉన్నంతకాలం అది కుటుంబ చరిత్ర. ఆమె పోయిన తరువాత అది అపరిచితుల బొమ్మ. రోలా బార్త్ తన 'కెమేరా లూసిడా' (1980)లో తల్లి చిన్ననాటి చిత్రం గురించి సుదీర్ఘంగా రాసి, ఆ చిత్రాన్ని మాత్రం గ్రంథంలో ముద్రించలేదు. తనకు తల్లిగా కనిపించేది పాఠకునికి ఎవరో ఒక బాలికగానే కనిపిస్తుందని ఆయన గ్రహింపు. పటంకథకులకు ఇది అనుభవంలో తెలిసిన సంగతే. పలుకు లేని పటం మూగది.

కుటుంబ చరిత్రకారుడు పత్రికను ఆశ్రయించేది ఈ ఘట్టంలోనే. పోయిన కథకుని స్థానంలో పత్రికను నిలపడం అతని ప్రయత్నం. ఆ స్థానాన్ని పత్రిక ఏ మేరకు నింపగలదన్నదే విచార్యాంశం.

3. ఛాయాచిత్రం: కనిపించేది, కనిపించనిది

ఛాయాచిత్రాన్ని ముందుగా వస్తువుగా చదవాలి. గుడ్డు తెల్లసొనతో పూత వేసిన ఆల్బుమిన్ కాగితపు చిత్రాలు 1850 తరువాత వచ్చి 1890ల దాకా విరివిగా వాడుకలో ఉన్నాయి. ఆ తరువాత జెలటిన్ పూత కాగితాలు వాటి స్థానాన్ని ఆక్రమించాయి. చిత్రం అంటించిన అట్ట, దానిమీది స్టూడియో ముద్ర, వెనుకవైపు రాత, చిత్రంలోని వెనుకతెర కాలనిర్ణయానికి తోడ్పడతాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పోయినవారి పాత చిన్న బొమ్మను పెద్దది చేయించి, రంగులు వేయించి, పటం కట్టించే అలవాటు తెలుగు ఇళ్ళలో విస్తారంగా ఉంది. అటువంటప్పుడు అట్టమీది స్టూడియో పేరు ప్రతి తీసిన కాలాన్ని చెబుతుంది. మూలచిత్రం దానికి ఎన్నో ఏళ్ళు ముందుది కావచ్చు.

రెండవది దృశ్యవ్యాకరణం. స్టూడియోలోని కుర్చీ, పూలకుండీ, గడియారం, చేతిలోని పుస్తకం చాలాసార్లు స్టూడియో సామగ్రే. పుస్తకం పట్టుకొన్న స్త్రీ అక్షరాస్యురాలని ఆ చిత్రం ఒక్కటే నిరూపించదు. ఆమెకు చదువుకొన్న స్త్రీగా కనిపించాలన్న కోరిక ఉందని గాని, ఆమెను అలా చూపాలన్న కోరిక ఇంటివారికి ఉందని గాని మాత్రమే అది సూచిస్తుంది. కుటుంబ చిత్రం ఆ కుటుంబం ఎలా ఉందో చెప్పేదానికన్నా ఎలా కనిపించదలచిందో ఎక్కువగా చెబుతుంది.

మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది, చిత్రంలో లేనివారి లెక్క. ఫోటో తీయించుకొంటే ఆయుష్షు తగ్గుతుందన్న నమ్మకం కొందరిని కెమేరాకు దూరంగా ఉంచింది. ఘోషా మరికొందరిని ఉంచింది. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడైన రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణను ఒక ఆంగ్లేయ మహిళకు అప్పగించవలసి వచ్చింది. సంపన్న కుటుంబాల స్త్రీలు సైతం కెమేరా ముందుకు రావడానికి ఎంతటి ఏర్పాటు కావలసివచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. శుభకార్యాల చిత్రాల్లో వితంతువులు ఒక పక్కకు జరగడమో, అసలు లేకపోవడమో ఆచారంనుంచి వచ్చిన అభావం. ఇంటిపని చేసేవారు, పాలేర్లు చట్రం అంచున సగం కనిపించి, పేరు లేకుండా మిగిలిపోతారు. ఆల్బమ్‌లో ఒకరు లేనంత మాత్రాన ఆ ఇంట్లో వారు లేరని అర్థం కాదు.

4. స్థానిక పత్రిక: పేరు, తేదీ, పక్షం

1902లో మచిలీపట్నంలో 'కృష్ణాపత్రిక', 1908లో బొంబాయిలో వారపత్రికగా పుట్టి 1914లో మద్రాసునుంచి దినపత్రికగా మారిన 'ఆంధ్రపత్రిక', 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 'గోలకొండ పత్రిక', 1930లో నెల్లూరులో 'జమీన్ రైతు' వెలువడ్డాయి. ఇటువంటి పత్రికల్లో కుటుంబ చరిత్రకారునికి సంపాదకీయాలకన్నా చిన్న వార్తలే ఎక్కువగా పనికివస్తాయి. సభలకు వచ్చినవారి పేర్లు, విరాళాల పట్టికలు, బదిలీలు, మరణవార్తలు, కోర్టు ప్రకటనలు, భూముల వేలం నోటీసులు ఈ కోవలోవి. విరాళాల పట్టికలోని ఒక చిన్న మొత్తం ఒక కుటుంబపు ఆర్థికస్థితినీ అభిమానాన్నీ ఏకకాలంలో చూపగలదు. ఇంట్లో ఎవరూ మాట్లాడని అప్పుల గతం వేలం ప్రకటనలో బయటపడవచ్చు.

తేదీల విషయంలో పత్రిక చేసే సహాయం అమూల్యం. ఇంటి జ్ఞాపకం 'ప్రభవలో పెళ్ళయింది' అంటుంది. ప్రభవ 1867-68, 1927-28, 1987-88లలో వచ్చింది. తరాల అంతరం సరిగా తెలియకపోతే 60 ఏళ్ళ పొరపాటుకు అవకాశముంది. హైదరాబాదు రాజ్యానికి చెందిన చిత్రం వెనుక '1340' అని మాత్రమే ఉంటే అది ఫసలీ కావచ్చు. ఫసలీకి 590 కలిపితే 1930 వస్తుంది. కాని నిజాం రాజ్యంలో ఫసలీ సంవత్సరం ఆజూరు మాసంతో అక్టోబరులో మొదలయ్యేది గనుక ఆ ఏడాదిలో అధికభాగం 1931లో పడుతుంది. మద్రాసు రాజధానిలో రెవెన్యూ ఫసలీ జులైలో మొదలయ్యేది. సరిహద్దుకు ఇరువైపులా బంధుత్వాలున్న కుటుంబాల విషయంలో ఈ చిన్న తేడా పుట్టినరోజులనూ పెళ్ళిళ్ళనూ తారుమారు చేయగలదు. నిర్దిష్టమైన తేదీతో ఉన్న ఒక్క పత్రికావార్త ఈ చిక్కును తీరుస్తుంది.

పత్రికకు పక్షమూ ఉంటుంది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం జరిపించిన తొలి వితంతు వివాహం ఇందుకు తగిన ఉదాహరణ. ఆ ఉద్యమంలో పాల్గొన్నవారు సాంఘిక బహిష్కారాన్ని ఎదుర్కొన్నారు. వెలికి భయపడిన బంధువర్గం ఇటువంటి వివాహాన్ని తన జ్ఞాపకంనుంచి తొలగించుకొనే అవకాశం ఎక్కువ. అటువంటి ఘట్టంలో ఆనాటి అచ్చు కుటుంబం చెరిపివేసినదాన్ని నిలుపుతుంది. అయితే 1874లో మొదలైన 'వివేకవర్ధని' వీరేశలింగం సొంత పత్రిక. ఆయన 'స్వీయచరిత్రము' కూడా ఆ పోరాటంలో ఒక పక్షం చెప్పిన సాక్ష్యమే. ఆ సాక్ష్యం అబద్ధమని దీని అర్థం కాదు. అందులో సంస్కర్త నాయకుడు, వివాహమాడిన బాలిక సంస్కరణకు నిదర్శనం. ఆమె ఏమనుకొన్నదన్నది ఆ కథనానికి కేంద్రం కాదు. జమీందారీ వ్యతిరేకోద్యమానికి అండగా నిలిచిన 'జమీన్ రైతు'లో ఒక జమీందారు కుటుంబం గురించి వచ్చిన వార్తనూ ఇదే జాగ్రత్తతో చదవాలి.

స్త్రీల పేర్ల విషయంలో సాధారణ పత్రిక ఛాయాచిత్రానికి మూగతోడుగా మారుతుంది. చిత్రంలో ఆమె ముఖం ఉంటుంది, పేరుండదు. పత్రికలో 'ఫలానావారి భార్య', 'ఫలానావారి తల్లి' అన్న బంధుత్వం ఉంటుంది, పేరుండదు. రెండింటినీ కలిపినా ఆమె పేరు దొరకదు. స్త్రీల పత్రికలు ఇక్కడ కొంత దారి చూపుతాయి. 1902లో మొదలై మొసలికంటి రమాబాయమ్మ, వెంపలి శాంతాబాయమ్మల సంపాదకత్వాన్ని చూసిన 'హిందూసుందరి', 1928లో కె. ఎన్. కేసరి స్థాపించిన 'గృహలక్ష్మి' వంటి పత్రికల్లో స్త్రీలు తమ పేర్లతో రాశారు. కుటుంబ చరిత్రకు వీటిని ప్రాథమిక ఆధారాలుగా పరిగణించడం అవసరం. కాని ఇవి కూడా చదువుకొన్న స్త్రీలకే పరిమితం.

అచ్చులో లేకపోవడాన్ని అసలు లేకపోవడంగా చదివే ప్రమాదాన్ని తెలుగు సాహిత్య చరిత్ర ఒకసారి చూసింది. తెలంగాణలో తెలుగు కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వెలువరించారు. వెతికే దృష్టి మారగానే లేరనుకొన్నవారు వందలుగా కనిపించారు. కుటుంబ చరిత్రకారుడు గుర్తుంచుకోవలసిన పాఠమిది.

5. అధికారం తీసిన చిత్రం

ఇంతవరకు ప్రస్తావించిన చిత్రాలు కుటుంబాలు కోరి తీయించుకొన్నవి. కోరకుండా తీసిన చిత్రాలూ ఉన్నాయి. పందొమ్మిదవ శతాబ్దిలో కోరంగి, విశాఖపట్నం, మద్రాసు రేవులనుంచి ఒప్పంద కూలీలుగా మారిషస్ వెళ్ళిన తెలుగువారు అక్కడ 'కోరింగీలు'గా పేరుపడ్డారు. ఒప్పందకాలం ముగిసిన వలసకూలీలు తమ ఛాయాచిత్రం అంటించిన గుర్తింపు పత్రం దగ్గర ఉంచుకోవాలని మారిషస్ ప్రభుత్వం 1867లో నిబంధన విధించింది. ఆ కూలీ ఎక్కడికి వెళ్ళినా నిఘాలో ఉంచడమే దాని ఉద్దేశం. ఆనాటి వలస రిజిస్టర్లూ ఛాయాచిత్రాలూ నేడు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. పూర్వికుల ఊరు, తండ్రి పేరు వెతుక్కొనే మారిషస్ తెలుగువారికి ఇవే ఆధారాలు.

ఈ ఆధారాల్లో ఒక విపర్యయం ఉంది. అదే కాలంలో తెలుగు గ్రామంలో మిగిలిపోయిన ఆ కూలీ అన్నదమ్ములకు ఒక్క చిత్రమైనా ఉండే అవకాశం దాదాపు లేదు. నిఘా కోసం తీసినందువల్లనే వలసవెళ్ళినవాని ముఖం మిగిలింది. ఆ చిత్రంలో వెనుకతెర లేదు, పూలకుండీ లేదు, ఎలా కనిపించాలన్న ఎంపిక లేదు. రిజిస్టరులో తెలుగు పేర్లు పరభాషా గుమాస్తాల చెవికి వినిపించినట్లుగా నమోదయ్యాయి. ఇంటిపేరు ఉండవలసిన చోటికి తరచుగా తండ్రి పేరు వచ్చింది. ముఖమూ పేరూ రెండూ ఉన్నా అవి కుటుంబం చెప్పుకొన్నవి కావు. మునిమనుమడు ఆ చిత్రాన్ని తెచ్చి ఇంట్లో పటం కట్టించినప్పుడు నిఘాపత్రం పితృస్మృతిగా మారుతుంది. ఆధారం పుట్టుకలోని ఉద్దేశం దాని అర్థాన్ని శాశ్వతంగా నిర్ణయించదు. కాని ఆ ఉద్దేశాన్ని మరచి రాసిన చరిత్ర అసంపూర్ణమే అవుతుంది.

6. పటం లేని వంశాలు

ఛాయాచిత్రమూ పత్రికావార్తా రెండూ లేని కుటుంబాల చరిత్ర ఎలా రాయాలన్న ప్రశ్నకు తెలుగు సాహిత్యం ఇప్పటికే సమాధానాలు చెప్పింది. జి. కల్యాణరావు 'అంటరాని వసంతం' (2000) వాటిలో ప్రధానమైనది. ఈ నవలలో అనేక తరాల దళిత కుటుంబ గాథ రూతు జ్ఞాపకం ద్వారా విచ్చుకొంటుంది. ఎన్నెలదిన్నె కళాకారుడు ఎల్లన్నకు పటం లేదు, పత్రికలో పేరు లేదు. ఆయన మిగిల్చింది పాట. ఆ పాట నోటినుంచి నోటికి నడిచి, మనుమడు రూబేను తన మూలాలను వెతుక్కొంటూ వచ్చేనాటికి ఆధారంగా నిలుస్తుంది. కరువుకాలపు వలస, బకింగ్‌హాం కాలువ పని, మతాంతరం వంటి చారిత్రక ఘట్టాలు కుటుంబ జ్ఞాపకానికి కాలరేఖగా పనిచేస్తాయి. ధాత కరువుగా పేరొందిన 1876-78 నాటి కరువు గురించి అధికార నివేదికలు, పత్రికలు మృతుల సంఖ్యలు రాశాయి. ఆ సంఖ్యల్లో ఒకరిగా మిగిలిపోయేవారికి నవల పేర్లు పెట్టింది.

వై. బి. సత్యనారాయణ ఆంగ్లంలో రాసిన 'మై ఫాదర్ బాలయ్య' (2011) కల్పన కాదు, కుటుంబ చరిత్రే. కరీంనగర్ ప్రాంతపు మాదిగ కుటుంబం రైల్వే ఉద్యోగాల ద్వారా, చదువుద్వారా ఎదిగిన క్రమాన్ని అది చెబుతుంది. ముత్తాతకు నిజాం బహుమతిగా ఇచ్చిన భూమిలో అధికభాగం గ్రామ దొర పరమైన సంగతి అందులో ఉంది. దానం కాగితానికెక్కే సంఘటన, దాన్ని లాక్కోవడం కాగితానికెక్కని సంఘటన. కాగితాన్ని మాత్రమే నమ్మే చరిత్రకారునికి ఆ కుటుంబం భూస్వామ్య కుటుంబంగా కనిపించవచ్చు. జరిగిన అన్యాయానికి కుటుంబం పలుకే సాక్ష్యం.

ఈ రెండు రచనలను ఒకే గాటన కట్టడం పద్ధతిరీత్యా సరికాదు. నవలలోని ఎల్లన్నను జీవించిన వ్యక్తిగా తీసుకోలేము. నవల ఇచ్చే సత్యం ఒక వ్యక్తి జీవిత వివరం కాదు, ఆధారాలు లేని వంశాలు తమ గతాన్ని ఎలా నిలుపుకొన్నాయన్న పద్ధతి. రెండవ గ్రంథం ఇచ్చేది సాక్ష్యం. దానికి సాక్ష్యానికుండే బలమూ ఉంది, పరిమితీ ఉంది. సంతానం తండ్రిని గురించి రాసేటప్పుడు ఆరాధన కలుస్తుంది. ఎదుగుదల కథగా మలచేటప్పుడు ఎదగలేకపోయిన బంధువులు పక్కకు జరుగుతారు. స్టూడియో చిత్రంలో ఎవరు లేరని అడిగిన ప్రశ్ననే ఈ కథనాన్నీ అడగవలసి ఉంటుంది. మౌఖిక ఆధారాన్ని గౌరవించడమంటే దాన్ని విమర్శకు అతీతంగా నిలపడం కాదు. అచ్చు ఆధారాన్ని పరీక్షించినంత శ్రద్ధగా దాన్నీ పరీక్షించడమే నిజమైన గౌరవం.

7. ముగింపు

ఈ పరిశీలననుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, ఛాయాచిత్రమూ స్థానిక పత్రికా పరస్పర పూరకాలన్న భావన చదువు, ఆస్తి, సామాజిక హోదా ఉన్న కుటుంబాల పురుషుల విషయంలోనే ఎక్కువగా నిజమవుతుంది. ఇతరుల విషయంలో ఒకటి వదిలినవారినే మరొకటీ వదులుతుంది. రెండు, ప్రతి ఆధారానికీ అది పుట్టిన ఉద్దేశాన్ని జతచేసి చదవాలి. స్టూడియో చిత్రానికి హోదా, గుర్తింపు పత్రానికి నిఘా, పత్రికకు పక్షం, కుటుంబ కథనానికి అభిమానం ఉద్దేశాలుగా ఉంటాయి. మూడు, పటాన్ని చూపుతూ పలికే సంప్రదాయం ఉన్న భాషలో బొమ్మనూ మాటనూ విడదీసి భద్రపరచడం ఆధారాన్ని సగం పోగొట్టుకోవడమే.

చివరి అంశానికి ఆచరణలో తక్షణ ప్రాధాన్యం ఉంది. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వంటి సంస్థలు పాత అచ్చును కాపాడుతూ వచ్చాయి. 2000 ఆగస్టు వరదల్లో సుందరయ్య విజ్ఞానకేంద్రంలోని అపురూప సంచయం దెబ్బతిన్నది. కాగితం ఎంత త్వరగా పోగలదో ఆ ఘటన చూపింది. పలుకు ఇంకా త్వరగా పోతుంది. పత్రిక ప్రతి ఒకచోట పోయినా మరొక గ్రంథాలయంలో మిగిలి ఉండవచ్చు. ఫోటోలోని నలుగురిలో మూడవ స్త్రీ పేరు తెలిసిన ఒకే ఒక వ్యక్తి వెళ్ళిపోతే ఆ పేరుకు రెండవ ప్రతి ఉండదు. కాబట్టి తెలుగు శాఖల్లో జరిగే జీవితచరిత్ర, స్థానికచరిత్ర పరిశోధనల్లో ఛాయాచిత్రాన్ని సేకరించినప్పుడే దాని వెనుక ఉన్న పలుకునూ నమోదు చేయాలి. చెప్పినవారు ఎవరు, చిత్రంలోనివారికి ఏమవుతారు, ఏ సంవత్సరంలో చెప్పారు, ఏ పేరు దగ్గర తడబడ్డారు అన్న వివరాలు అందులో ఉండాలి. ఆ తడబాటును కూడా ఆధారంగానే భద్రపరచాలి. కుటుంబం ఎక్కడ మరచిపోయిందో, ఎక్కడ దాచుకొన్నదో వెతకవలసిన చోటును చాలాసార్లు చూపేది అదే.